నలభై సెకన్లు

పాతరేవుని మింగడానికి సముద్రానికి పదకొండేళ్ళు పట్టింది. ఏడాదికో వీధి చొప్పున పోతూ వచ్చింది. మిగిలిన నాలుగు వేల మందికీ ప్రభుత్వం ఒడ్డుకి ఆరు కిలోమీటర్లు లోపలగా పన్నెండు బ్లాకులు కట్టించి, కొత్తరేవు కాలనీ అని పేరు పెట్టి, వాళ్ళందర్నీ అందులోకి తరలించింది. ఒక్కో బ్లాకుకీ తొమ్మిది అంతస్తులు. నీళ్ళు ఇంట్లోకే వచ్చాయి, గ్యాసు ఇంట్లోకే వచ్చింది, సరుకులు గుమ్మం ముందుకే వచ్చాయి. ఇంకొకరి గుమ్మం తొక్కాల్సిన పని ఎవరికీ లేకుండా పోయింది. మొదటి ఏడాదిలోనే ముగ్గురు తమ ఫ్లాట్లలో ఒంటరిగా చనిపోయారు. ముగ్గురి సంగతీ వాసన వచ్చాకే పక్కవాళ్ళకి తెలిసింది.

మూడో చావు తర్వాత హైమవతిని అక్కడికి పంపించారు.

హైమవతి పట్టణ ప్రణాళిక విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. పుట్టి పెరిగింది మదనపల్లెలో. పెళ్ళి కాలేదు. తల్లి మంచాన పడ్డ తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎత్తేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తల్లి కూడా పోయాక ఆమె ఫోను మోగితే అది ఆఫీసు నుంచే అయ్యుండేది. కొత్తరేవుకి వెళ్ళమన్నప్పుడు అక్కడే ఐదో బ్లాకు ఏడో అంతస్తులో ఫ్లాటు ఇప్పించమని అడిగింది. ఎక్కడున్నా ఒకటే అనిపించింది ఆమెకి.

తన వెంట ఒక రాయి తీసుకెళ్ళింది. ఇద్దరు ఇంజనీర్లతో కలిసి ఆరేళ్ళు కష్టపడి తయారుచేసింది. చూడటానికి మామూలు ఫుట్‌పాత్ రాయే. కానీ మనిషి దాని మీద కాలు వేస్తే ఆ అడుగు బరువూ, వేగం, లయా పట్టుకునేది. ఏ ఇద్దరి నడకా ఒకటి కాదు కనుక ఆ రాళ్ళకి మనుషులు విడివిడిగా తెలిసేవారు. పేరు తెలియదు, మొహం తెలియదు. ఒట్టి నెంబరు. కాలనీవాళ్ళతో మొదటి మీటింగులోనే ఆమె మాటిచ్చింది, ఎక్కడా కెమెరా పెట్టనని, ఎవరి పేరూ అడగనని. ఎనిమిది నెలల్లో కాలనీ దారులన్నిటా, బ్లాకుల మెట్ల మీదా, గుమ్మాల ముందూ ఆ రాళ్ళు పరిచారు. అడుగురాళ్ళు అన్నారు వాటిని. అవి చెప్పే సంగతులన్నీ ఒకటో బ్లాకు కింద ఉన్న ఆఫీసు గదిలో పెద్ద గాజు బల్ల మీదికి వచ్చి చేరేవి. ఆ బల్లకి ఆమె కలివిడి పటం అని పేరు పెట్టింది.

ఇలాంటి పనికి స్థానిక కళాకారుణ్ణి ఒకర్ని పెట్టుకోవాలని నియమం ఉంది. అలా వచ్చినవాడు గరికిన అప్పలకొండ. అరవై దాటిన మనిషి. పాతరేవులో నలభై ఏళ్ళపాటు పడవలకి రంగులు వేసి, పేర్లు రాసి, ముందు భాగాన కళ్ళు దిద్దినవాడు. మొదటి రోజు బల్ల మీద పాకుతున్న అంకెల్ని చాలాసేపు చూశాడు.

"ఇందులో మనుషులెక్కడున్నారండి?" అని అడిగాడు.

"ఆ అంకెలే మనుషులండీ. ఇదిగో, ఈ 2206 ఒక మనిషి. ఇప్పుడు మెట్లు దిగుతున్నారు."

"అంకెని చూస్తే నాకు జాలి పుట్టదండి. రంగు వెయ్యండి."

హైమవతికి నవ్వొచ్చింది. కానీ ఆ మాట ఆమెని వదల్లేదు. రెండు రోజులు కూర్చుని అంకెల్ని చిన్న చిన్న దీపాలుగా మార్చింది. ఆ రోజు ఎవరితోనైనా కాసేపు గడిపిన మనిషి దీపం పసుపుపచ్చగా వెలుగుతుంది. ఎవరితోనూ గడపకపోతే రోజురోజుకీ వెలిసిపోతూ చివరికి బూడిద కలిసిన నీలంలోకి దిగుతుంది. అయితే 'గడపడం' అంటే ఏమిటో బల్లకి చెప్పాలి. లిఫ్టు కోసం పక్కపక్కన నిలబడ్డవాళ్ళూ, దారిలో ఎదురుపడి తప్పుకున్నవాళ్ళూ లెక్కలోకి రాకూడదు. ఇద్దరి అడుగులు ఒకేచోట మూడు నిమిషాలు ఆగితేనే కలయిక అని ఆమె నిర్ణయించింది.

"మూడే ఎందుకండి?" అన్నాడు అప్పలకొండ.

"ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదండీ."

గీతలు గియ్యడం తెలిసిన మనిషి కనుక ఆయన తలాడించాడు.

రంగులు వచ్చిన సాయంత్రం ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి చూశారు. ఏడు వందలకి పైగా నీలం దీపాలు.

"ఇంతమందా?" అన్నాడు అప్పలకొండ.

ఆ తర్వాత రెండేళ్ళూ వాళ్ళిద్దరి పని ఒకే తీరుగా సాగింది. నీలం దీపాలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చి కలవకుండా దాటిపోయే చోట్లని హైమవతి బల్ల మీద వెతికేది. అక్కడ ఏముంటే మనిషి కాలు ఆగుతుందో అప్పలకొండ ఆలోచించేవాడు. మూడో బ్లాకు ప్రహరీ మీద పాతరేవు పడవల పేర్లన్నీ పాత అక్షరాల్లోనే రాశాడు, పదకొండు పేర్లు మాత్రం వదిలేసి. నాలుగో రోజుకల్లా ఆ గోడ ముందు ముసలివాళ్ళు గుంపుగా నిలబడి మా పడవ ఏదంటే మా పడవ ఏదని గొడవ పడుతున్నారు.

"మర్చిపోయారా?" అని హైమవతి అడిగింది.

"కావాలనే వదిలేశానండి. అన్నీ ఉంటే చూసి ఎల్లిపోతారు. ఏదో లేదని తెలిస్తేనే నిలబడతారు."

ఆ నెలలో ఆ గోడ దగ్గర నలభై దీపాలు పసుపుపచ్చకి తిరిగాయి. ఆరో బ్లాకు పెరట్లో అరుగులు కట్టారు. తొమ్మిదో బ్లాకు దగ్గర వలలు అల్లుకునే చావడి వేశారు. చూడటానికి వేరే ఊళ్ళ నుంచి అధికారులు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. ఇద్దరు కలిస్తే ఒక ఊరు ఊరవుతుందని ఒక పత్రిక రాసింది.

మూడో ఏడు మొదట్లో అప్పలకొండ ఒక బొమ్మ గీసుకొచ్చాడు. భుజం ఎత్తున రాతి దిమ్మ, పడవ ముక్కులా కొసదేరి ఉంది.

"గంపలు మోసేవాళ్ళకండి. నెత్తి మీది గంపని దీని మీదికి జరిపేసుకోవచ్చు, మళ్ళీ నెత్తి మీదికి లాక్కోవచ్చు. రెండో మనిషి సాయం అక్కర్లేదు. మెడలు విరిగిపోతున్నాయండి ఆడోళ్ళకి."

"ఎక్కడ పెడదాం? వాళ్ళు ఎనిమిదో బ్లాకు మలుపులో, తూము దగ్గర ఆగుతారు కదా."

"అక్కడ నీడ లేదండి. మన ఆఫీసు పక్కన కానుగ చెట్టు కింద పెడదాం."

హైమవతి బల్లని అడిగి చూసింది. దిమ్మ కానుగ చెట్టు కింద ఉంటే కాలనీ మొత్తం మీద వెలుగు పెరుగుతుందని బల్ల చెప్పింది. ఆమె సంతకం పెట్టింది.

దిమ్మ నిలబెట్టిన మర్నాడే మొదటి గంప దాని మీద దిగింది. ఆ గంప బంగారమ్మది. యాభై అయిదేళ్ళుంటాయి. రేవు దగ్గరే ఉంటూ, అక్కడ చేపలు వేలం పాడుకుని, కాలనీ మీదుగా నడిచి, టౌనులో వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి. పొద్దున్న ఏడింటికి ఆఫీసు తాళం తీయబోతున్న హైమవతిని చూసి పిలిచింది.

"ఈ రాయి నువ్వే ఏయించావంటగా అమ్మా?"

"గీసింది అప్పలకొండ గారు. నేను చోటు చూశాను."

"మంచి పని సేశావు. నలభై ఏళ్ళ నించీ దించాలన్నా ఎత్తాలన్నా ఇంకోళ్ళ సెయ్యి కోసం సూడాల్సొచ్చేది. ఇప్పుడు ఎవురినీ బతిమాలక్కర్లేదు."

మెడ అటూ ఇటూ తిప్పుకుని, చెట్టు మొదట్లో కూర్చుని, హైమవతిని కూడా కూర్చోమంది. ఆ పూట అయిదు నిమిషాలు. మర్నాడు పది. నెల తిరిగేసరికి హైమవతి ఆరున్నరకే కిందికి వచ్చి చెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టింది. బంగారమ్మ పాతరేవులో ఏ వీధి ఏ ఏడు పోయిందో చెప్పేది, టౌనులో ఏ ఇంటావిడ బేరం ఎలా ఆడుతుందో చేసి చూపించేది. ఉడకబెట్టిన తేగలు కొంగున కట్టుకొచ్చేది.

"సేపలు తినవు, కోడిగుడ్డు తినవు, ఆ ఏడో అంతస్తులో ఒక్కదానివీ ఏం తింటావు హైమమ్మా?"

"అన్నం, చారు."

"అదే మరి, అందుకే అలాగున్నావు."

ఒకసారి జ్వరం వచ్చి హైమవతి రెండు రోజులు కిందికి రాలేదు. రెండో రోజు తొమ్మిదింటికి తలుపు దబదబా కొట్టిన చప్పుడైంది. లిఫ్టు పాడైతే ఏడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది బంగారమ్మ. గంప దిమ్మ మీదే వదిలేసి వచ్చింది. గంజి కాచి తాగించింది. ఆమె పక్కన కూర్చుని నుదురు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఉప్పు వాసన, చేప వాసన ఉన్నాయి. తన నుదుటి మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో హైమవతి లెక్క వేసుకోబోయి మానేసింది. ఆ రోజు నుంచి 'బంగారక్కా' అని పిలవసాగింది.

దిమ్మ వేసిన ఎనిమిదో నెలలో ఎనిమిదో బ్లాకు ఆరో అంతస్తులో దేవసహాయం చనిపోయాడు. నాలుగో రోజున తెలిసింది.

దేవసహాయం రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. హైమవతి వెళ్ళేసరికి తలుపు పగలగొట్టి ఉంది. గది శుభ్రంగా ఉంది. రెండు కుర్చీలు ఉన్నాయి. ఒకదాని గుడ్డ మాత్రమే మాసింది. మేకుకి ఇస్త్రీ చేసిన చొక్కా వేలాడుతోంది. పక్క ఫ్లాటాయన గుమ్మంలో నిలబడి, "మంచాయనేనండి. ఎవరి జోలికీ వచ్చేవాడు కాదు," అన్నాడు.

శవపరీక్ష చేసిన డాక్టరుని ఆమె వెళ్ళి అడిగింది. "గుండెపోటండీ. కానీ వెంటనే పోయినట్టు లేదు. ఒక రోజంతా కింద పడి ఉన్నాడు. ఎవరైనా చూసుంటే బతికేవాడేమో," అన్నాడాయన.

ఆ రోజంతా ఆమె బల్ల ముందు కూర్చుంది. రెండున్నరేళ్ళలో ఇలాంటి చావు జరగలేదు. ఇలాంటివి జరక్కూడదనే కదా ఇదంతా. ఆ ఫ్లాటు నుంచి వచ్చే నడక 2206. మొదటి రోజు అప్పలకొండకి చూపించిన నెంబరే. ఆ దీపం రంగులు వేసిన నాడే నీలంగా ఉంది, ఈ రోజు వరకూ నీలంగానే ఉంది. దాని ఎదురుగా బల్ల రాసిన మాట ఒక్కటే: మార్పు లేదు. ఇంకా మూడు వందల నీలం దీపాలున్నాయి. మారని దీపం గురించి బల్ల ఎవరినీ హెచ్చరించదు.

ఆమెకి మనసొప్పలేదు. రంగులన్నీ తీసేసి, రాళ్ళు పట్టుకున్న అసలు అడుగుల్ని బయటికి లాగింది. ఒక్కో రోజే వెనక్కి చూస్తూ పోయింది.

దిమ్మకి ముందు రోజుల్లో 2206 పొద్దున్న ఆరూ నలభైకి మెట్లు దిగేవాడు. ఎనిమిదో బ్లాకు మలుపులో తూము దగ్గరికి నడిచి నిలబడేవాడు. ఇరవై నిమిషాలకి అవతల నుంచి ఇంకో నడక వచ్చేది. పొట్టి అడుగులు, బాగా బరువైనవి. ఆ మనిషి ఆగగానే బరువు ఇరవై కిలోలు తగ్గేది. కాసేపటికి మళ్ళీ అంతే పెరిగేది. బరువు అడుగులు టౌను వైపు వెళ్ళిపోయేవి. 2206 ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఆదివారం తప్ప ప్రతిరోజూ ఇదే.

అర్థం కావడానికి ఆమెకి కొంచెం సేపు పట్టింది. అది గంప. ఆయన గంప దించేవాడు. ఆమె మెడ సవరించుకునేది. ఆయన మళ్ళీ నెత్తికెత్తేవాడు. నలభై సెకన్లు. ఒక రోజు ముప్పై ఎనిమిది, ఒక రోజు నలభై అయిదు. మూడు నిమిషాలకి ఎప్పుడూ చేరలేదు. అందుకే ఆ నలభై సెకన్లు బల్లకి ఎన్నడూ కనపడలేదు.

దిమ్మ వేసిన మర్నాటి నుంచి బరువు అడుగులు తూము వైపు రాలేదు. 2206 మాత్రం వచ్చాడు. ఇరవై నిమిషాలు, అరగంట, నలభై నిమిషాలు నిలబడి వెళ్ళిపోయాడు. అలా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు దిగలేదు. ఆ తర్వాత ఏడు నెలలపాటు వారానికోసారి కొట్టు దాకా వెళ్ళి రావడం తప్ప ఆయన అడుగు ఏ రాయి మీదా పడలేదు.

బరువు అడుగులు ఇప్పుడెక్కడ ఆగుతున్నాయో చూసింది. కానుగ చెట్టు కింద. వాటి పక్కనే ఇంకో దీపం, ఎనిమిది నెలల కిందట పాలిపోయిన నీలం, ఇప్పుడు పసుపుపచ్చగా ఉంది. ఐదో బ్లాకు నుంచి వస్తుంది. దాని ఎడమ అడుగు ఒక రవ్వ ఆలస్యంగా పడుతుంది.

హైమవతి తన ఎడమ కాలి వంక చూసుకుంది. చిన్నప్పుడు చీలమండ విరిగి అతికిన కాలు. ఆఫీసు సిబ్బంది అడుగులు లెక్కలోకి రాకూడదని ఆమే నియమం పెట్టింది. కానీ ఆమె ఉండేది ఐదో బ్లాకులో. రాళ్ళకి ఆమె కూడా కాలనీ మనిషే. ఇన్నాళ్ళూ తన దీపం కోసం ఆమె ఒక్కసారీ వెతుక్కోలేదు.

అప్పలకొండ పదో బ్లాకు మెట్ల గోడకి రంగు వేస్తున్నాడు. ఆమె వెళ్ళి కింది మెట్టు మీద నిలబడింది.

"ఐదో బ్లాకు దీపం నేనని మీకెప్పుడు తెలిసింది?"

ఆయన కుంచెని డబ్బాలో పెట్టాడు.

"మొదటి వారంలోనేనండి. పొద్దున్న ఐదో బ్లాకు నించి ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసు నించి ఐదో బ్లాకుకి. ఆదివారం అస్సలు కదలదు. ఎడమ కాలు కాస్త ఆలస్యం. మీరు రోజూ ఆ బల్ల ముందు నిలబడి ఊళ్ళోవాళ్ళందరి గురించీ బాధపడతన్నారు. అందరికన్నా ఎలిసిపోయిన దీపం మీదేనండి. చూసి ఎలా ఊరుకోను?"

"నీడ కోసం అన్నారు."

"నీడ కూడా ఉంది కదండి. బంగారమ్మ మాటకారి. మీ దారిలో ఆగితే మీతో మాట్టాడకుండా ఉండలేదనుకున్నాను."

హైమవతి తను చూసినదంతా చెప్పింది. తూము, గంప, నలభై సెకన్లు, ఎనిమిది రోజులు. వింటూ వింటూ ఆయన మెట్టు మీద కూలబడిపోయాడు. చేతి రంగు లుంగీకి అంటుకుంటున్నా చూసుకోలేదు.

"గోడ మీద పదకొండు పేర్లు వదిలేసినోణ్ణి నేను," అన్నాడు చివరికి. "మనిషికి మనిషి అవసరం పడాలని తెలిసినోణ్ణి. ఆడోళ్ళ మెడలు సూశాను, ఆళ్ళకి చెయ్యి అందించేవోణ్ణి సూళ్ళేదు."

"తప్పు నాది. మూడు నిమిషాలని గీత గీసింది నేను."

"మీరు గీత గీశారు, నేను రాయి పెట్టాను. ఇద్దరం కలిసే చేశామండి."

పై అంతస్తులో ఎవరో తలుపు తీసి, వేసుకున్నారు.

బంగారమ్మకి చెప్పకుండా ఉండొచ్చు. ఆ విషయం తెలిసినవాళ్ళు ఇద్దరే. అప్పలకొండ బయటపెట్టడు. మూడు రోజులు హైమవతి చెట్టు కింద కూర్చుని ఆమె మాటలు విన్నది. ఏ మాటా చెవిలోకి వెళ్ళలేదు. నాలుగో రోజు చెప్పేసింది.

బంగారమ్మ దిమ్మ మీది గంపలోకి నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టా సరిగ్గా కప్పింది.

"ఆయన పోయాడని నాకు తెలుసు," అంది. "ఆరోజే తెలిసింది."

"నన్ను క్షమించు అక్కా. నా కోసమే ఆ రాయి ఇక్కడికి వచ్చింది. నాకు తెలియదు, కానీ నా కోసమే."

"నీ కోసం ఒస్తే ఒచ్చింది. అక్కడ ఆయన నిలబడ్డాడని బల్లని అడిగి తెలుసుకున్నావు నువ్వు. నేను కళ్ళతో సూశాను." ఆమె గొంతు పెరగలేదు. "పాలబూతు కాడి నించి తూము కనబడద్ది. మొదటి రోజు సూశాను. సేతులు ఎనక్కి కట్టుకుని రేవు దారికేసే సూస్తన్నాడు. రేపు ఎల్లి సెప్దాం, కొత్త రాయి ఏశారు బాబూ, ఇంక నీకు సెమ లేదు అని సెప్దాం అనుకున్నాను. మర్నాడు బేరానికి ఆలిస్సెం అయింది. ఆ మర్నాడు ఎండగా ఉంది. ఎనిమిది రోజులూ సూశాను హైమమ్మా. తొమ్మిదో రోజు లేడు. హమ్మయ్య, ఆయనకే తెలిసిపోయింది అనుకున్నాను."

"ఆయన పేరు నీకు తెలుసా?"

"అడగలేదు. మూడేళ్ళు ఎత్తాడు గంప. 'జాగర్త' అనేవోడు, ఎత్తాక. అంతే. ఇంకో మాట ఎరగను."

హైమవతి ఏదో అనబోయింది. బంగారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇక్కడ కూర్చుంటే ఆయనే కనబడతాడు. నీ మొహంలోనూ ఆయనే కనబడతన్నాడు ఇప్పుడు. ఇంక కూర్చోలేను."

"దిమ్మ తీయించేస్తాను అక్కా. మళ్ళీ తూము దగ్గరే..."

"తియ్యకు. ఇరవై మంది ఆడోళ్ళు దించుకుంటన్నారు దీని మీద. నా మెడక్కూడా సుకంగా ఉంది." వంగి, గంపని నెత్తి మీదికి జరుపుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి బంగారమ్మ కాలనీ బయట పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ అడుగురాళ్ళు లేవు. ఆమె దీపం బల్ల మీద నుంచే పోయింది. హైమవతి నెల్లాళ్ళు ఆరున్నరకి చెట్టు కింద కూర్చుంది. గంపలవాళ్ళు వచ్చేవారు, దించుకునేవారు, "బాగున్నారా మేడమ్" అని పలకరించి వెళ్ళిపోయేవారు. రెండుసార్లు బంగారమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ మర్యాదగానే కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. మాటలే రాలేదు, ఇద్దరికీ. మూడోసారి వెళ్ళలేదు. ఐదో బ్లాకు దీపం మళ్ళీ వెలిసిపోవడం ఆమె బల్ల మీద రోజూ చూసింది. ఎడమ అడుగు ఆలస్యంగా వేస్తూ, పొద్దున్న ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి.

దేవసహాయం గురించి ఆమె పదహారు పేజీల నివేదిక రాసి పంపింది. డైరెక్టరు గారు ఫోను చేశారు. మంచి మనిషే, నెమ్మదిగా మాట్లాడతారు.

"చదివాను హైమవతీ. బాధాకరం. కానీ మూడేళ్ళలో ఏడు వందల మంది మూడు వందలయ్యారు. పదకొండు ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు ఈ పటం. మూడు నిమిషాలని ముప్పై సెకన్లు చేస్తే సరిపోతుంది కదా?"

"అప్పుడు ఇరవై సెకన్లవాళ్ళు పోతారు సార్."

"ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదమ్మా."

ఆ మాట తనదే. ఆ పదకొండు ఊళ్ళకి తను వెళ్ళనని మాత్రం చెప్పింది. పటం వెళ్ళింది. ఆమెతో పనిచేసిన ఇంజనీర్లు ఇద్దరూ దాని వెంట వెళ్ళారు. కొత్తరేవులో పని దాదాపు అయిపోయినట్టే లెక్క కట్టి, చిన్న చిన్న మరమ్మతులు చూసుకోమని ఆమెని అక్కడే ఉంచారు. అప్పలకొండ కూడా ఉండిపోయాడు. కానీ కొత్తగా ఏమీ గియ్యనన్నాడు. "ఇంకా సెయ్యి లేవట్లేదండి," అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత హైమవతి పనిచేసే పద్ధతి మారింది. కాలనీలో ఏదైనా తీయాలన్నా, జరపాలన్నా, కట్టాలన్నా ముందు ఆ చోటికి తనే వెళ్ళి పదిహేను రోజులు నిలబడేది. ఒక్కో గంట, వేరు వేరు వేళల్లో. ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు, అది లేకపోతే ఏం పోతుంది అని వచ్చినవాళ్ళనే అడిగేది. మొదట్లో జనం నవ్వుకున్నారు. మేడమ్‌కి ఏదో అయిందన్నారు. పై ఆఫీసు నుంచి పని నెమ్మదిగా సాగుతోందని రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆమె మానలేదు.

ఆ ఏడు చివర్లో రెండో బ్లాకుకీ పదకొండో బ్లాకుకీ మధ్యనున్న సందు మార్చెయ్యాలని కాగితం వచ్చింది. రెండు గోడల మధ్య అయిదడుగుల వెడల్పు, అటు చివర గోడే. పటం లెక్కలో అది కాలనీ అంతట్లోకీ పనికిరాని చోటు. రోజుకొక్క మనిషి కూడా ఎవరినీ కలవని చోటు. అక్కడ గోడ పడగొట్టి అరుగులు వేసి, బొమ్మలు గీసి, నలుగురు కూర్చునేలా చేస్తే ఇంకో పాతిక దీపాలు పసుపుపచ్చకి తిరుగుతాయని పటం చెప్పింది.

హైమవతి వెళ్ళి నిలబడింది. పదకొండు రోజులు ఎవరూ రాలేదు. ఒక పిల్లి వచ్చింది, ఒకసారి వాన వచ్చింది. పన్నెండో రోజు మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె సందులోకి గబగబా వచ్చి, హైమవతిని చూసి టక్కున ఆగిపోయింది. నైటీ మీద చున్నీ వేసుకుని ఉంది. చేతిలో ఏమీ లేదు.

"మీరు... ఎవరి కోసమైనా ఉన్నారాండీ?"

"నేను ప్లానింగ్ ఆఫీసు మనిషినమ్మా. ఈ సందు మార్చేసి పదిమంది కూర్చునేలా అరుగులు వేద్దామంటున్నారు. వేసే ముందు ఇక్కడికి ఎవరైనా వస్తారేమో చూద్దామని నిలబడ్డాను. నువ్వు రోజూ వస్తావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది.

"వారానికోసారి. ఒక్కోసారి రెండుసార్లు."

"ఎందుకమ్మా?"

ఆమె గోడ వంక చూసింది.

"మా ఇంట్లో తొమ్మిది మందిమండీ. రెండు గదులు. బాత్రూములో ఉన్నా తలుపు కొడతానే ఉంటారు. బయట ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు, ఏమైందని అడుగుతారు. మంచోళ్ళేనండి అందరూ." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ఏడవడానికి వస్తానండి. ఇక్కడైతే ఎవరూ రారని."

ఆమె కళ్ళు అప్పటికే నిండి ఉన్నాయి. ఇంకెంతోసేపు ఆగేలా లేవు. ఏమైందన్న మాట హైమవతి నాలుక చివరిదాకా వచ్చింది. భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. ఎన్ని నెలలుగానో ఎవరైనా వచ్చి మాట్లాడితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషి తను.

"ఈ సందు ఇలాగే ఉంటుందమ్మా," అంది. "ఎవరూ ముట్టుకోరు. నేను చూసుకుంటాను."

సంచీ భుజాన వేసుకుని, ఆమెని దాటుకుని, సందు బయటికి నడిచింది. వెనక నుంచి మొదటి ఏడుపు వినబడింది. తొందర తొందరగా అడుగులు వేసి, ఆ చప్పుడు చెవిన పడనంత దూరం వచ్చాకే హైమవతి ఆగింది.